సభకు కావలివాడు

ప్రజాప్రతినిధుల జీవితచరిత్రలు సాధారణంగా పదవుల పట్టికలుగా కనిపిస్తాయి. ఏ సంవత్సరంలో ఏ పదవి లభించింది, దానిలో ఎంతకాలం కొనసాగారు అనే వివరాలతోనే పుటలు నిండిపోతాయి. ఆ పట్టిక అవసరమే. కాని ఒక ప్రతినిధి వ్యక్తిత్వాన్ని అంచనా వేయడానికి అది మాత్రమే చాలదు. పదవిని స్వీకరించే రోజున అందరి మాటల్లోనూ వినయం ఉంటుంది. ఆ పదవిలో ఉన్నప్పుడు దాని గౌరవాన్ని ఎట్లా కాపాడారు, అవసరమైనప్పుడు దానిని ఏ కారణంతో విడిచిపెట్టారు అనేవి అసలైన పరీక్షలు. అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో జన్మించి, లోక్‌సభ సభాపతిగా, ఆ తరువాత భారత రాష్ట్రపతిగా పనిచేసిన నీలం సంజీవరెడ్డి ప్రజాజీవితాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తే పార్లమెంటరీ ప్రజాస్వామ్యాన్ని గూర్చిన అనేక విషయాలు బోధపడతాయి.

అనంతపురం రాయలసీమలోని మెట్ట పీఠభూమి. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ కారణాలవల్ల ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. ఆ కురిసే వాన కూడ అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. పెన్నానది జిల్లాలో ప్రవహిస్తున్నప్పటికీ సంవత్సరంలో అధికభాగం ఇసుకమేటలే దర్శనమిస్తాయి. చెరువు నిండితే వరి, లేకుంటే వేరుసెనగ, అదీ పండకపోతే వలస. ఇటువంటి నేలపై నివసించే ప్రజలకు ప్రభుత్వం అనేది దూరపు విషయం కాదు. కరువు పనులు, తాగునీరు, కాలువ, అప్పు అన్నీ ప్రభుత్వ నిర్ణయాలతో ముడిపడి ఉంటాయి. అందుచేత తమ ప్రతినిధి చట్టసభలో ఏమి మాట్లాడుతున్నాడు, ఎవరి పక్షాన నిలుస్తున్నాడు అన్న ఆసక్తి ఈ ప్రాంత ప్రజల్లో తొలినుండి అధికం.

నీలం సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఇల్లూరు నేడు గార్లదిన్నె మండలంలో ఉంది. ఆయన తండ్రి నీలం చిన్నప్పరెడ్డి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలో చదువుకొని, ఉన్నతవిద్య కోసం ఆయన అనంతపురం కళాశాలలో చేరారు. 1916లో దత్తమండల కళాశాలగా ప్రారంభమైన ఆ విద్యాసంస్థ రాయలసీమ యువకులకు ఆనాడు విజ్ఞానకేంద్రం. 1929లో గాంధీమహాత్ముడు అనంతపురానికి వచ్చినప్పుడు ఆ యువకుని మనస్సు జాతీయోద్యమం వైపు మళ్ళింది. ఆయన విదేశీ వస్త్రాలను విసర్జించి ఖద్దరు ధరించారు. 1931లో కళాశాల చదువును విడిచిపెట్టి ఉద్యమంలో ప్రవేశించారు. ఆయన జీవితంలో విడిచిపెట్టిన తొలి ఆసనం తరగతిగదిలోని బల్ల అని చెప్పవచ్చు.

1938లో ఆంధ్ర ప్రాంతీయ కాంగ్రెసు సంఘానికి కార్యదర్శిగా ఎన్నికై పది సంవత్సరాలు ఆ బాధ్యతను నిర్వహించారు. 1940కి, 1945కి మధ్యకాలంలో అధికభాగం కారాగారంలోనే గడిచింది. 1942 మార్చిలో విడుదలైనా, ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం ఆరంభం కాగానే మళ్ళీ నిర్బంధానికి గురయ్యారు. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి వంటి నాయకులతో కలిసి ఉన్నారు. ఈ అమరావతి మహారాష్ట్ర విదర్భలోనిది. ఆ జైలులోని సహచరులలో ఒకరు పాతికేళ్ళు గడిచిన తరువాత దేశంలోని అత్యున్నత పదవికి తనతో పోటీపడతారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

1946లో ఆయన మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. భారత రాజ్యాంగ పరిషత్తులో సభ్యులుగా వ్యవహరించారు. 1949 నుండి 1951 వరకు మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అటవీ శాఖల మంత్రిగా పనిచేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో ఆచార్య ఎన్.జి. రంగాపై విజయం సాధించారు. అటువంటి నాయకునికి 1952 సాధారణ ఎన్నికలలో సొంత జిల్లా ప్రజలే ఓటమిని చవిచూపించారు. అనంతపురం శాసనసభ స్థానంలో ఆయనను ఓడించిన వ్యక్తి కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ ఒకే జిల్లావారు, దగ్గరి బంధువులు. నాగిరెడ్డి 1957లో అనంతపురం నుండి లోక్‌సభకు కూడ ఎన్నికయ్యారు. మంత్రిగా పనిచేసిన వ్యక్తిని సైతం ఓటుతో పక్కన పెట్టగల శక్తి తమకుందని అనంతపురం ఓటర్లు వయోజన ఓటుహక్కు అమలులోకి వచ్చిన తొలి సాధారణ ఎన్నికలోనే నిరూపించారు. సంజీవరెడ్డి అదే సంవత్సరం రాజ్యసభలో ప్రవేశించారు. ఆ విధంగా ఆయన పార్లమెంటు జీవితం ఒక ఓటమి వెంట ఆరంభమైంది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ప్రకాశం ముఖ్యమంత్రిగా ఏర్పడిన ప్రభుత్వంలో సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1955 ఎన్నికల అనంతరం బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ అదే స్థానంలో ఉన్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు ఆ రాష్ట్రానికి ప్రథమ ముఖ్యమంత్రిగా బాధ్యత స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాలు. 1960 నుండి 1962 వరకు అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండి, 1962లో తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన పాలనాకాలంలో జరిగిన పనులలో రెండింటిని ప్రత్యేకంగా పేర్కొనాలి. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించింది. దేశంలో రాజస్థాన్ తరువాత ఈ విధానాన్ని చేపట్టిన రెండవ రాష్ట్రం ఇదే. గ్రామపంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు అనే మూడంచెల ద్వారా గ్రామీణులకు పాలనలో భాగం లభించింది. రెండవది శ్రీశైలం ప్రాజెక్టు. 1963లో ప్రధాని నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. జలవిద్యుత్తు కోసం తలపెట్టిన ఆ జలాశయానికి అనంతర కాలంలో నీలం సంజీవరెడ్డి సాగరం అని నామకరణం జరిగింది. ఆ జలాశయం ఎగువభాగం నుండి హంద్రీ-నీవా పథకం ద్వారా ఎత్తిపోసిన కృష్ణాజలాలు 2012లో అనంతపురం జిల్లాలోని జీడిపల్లి జలాశయాన్ని చేరాయి. శంకుస్థాపనకు, ఆ నీటిబొట్టుకు మధ్య దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. కరువుసీమలో ఒక నిర్ణయం ఫలించడానికి ఎంతకాలం పడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఆ కాలానికి సంబంధించిన విమర్శలను కూడ ప్రస్తావించడం న్యాయం. ఆంధ్రప్రదేశ్ అవతరణకు పూర్వం 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతానికి చెందినవారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతానికి చెందినవారు కావాలన్నది దానిలోని ఒక అంశం. ఒప్పందంపై సంతకం చేసినవారిలో సంజీవరెడ్డి ఒకరు. అయినా 1956లో ఆయన ఏర్పరచిన మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవి లేదు. ఈ ఉల్లంఘన తెలంగాణ ప్రజల మనస్సులో నాటుకొన్న తొలి అసంతృప్తులలో ఒకటిగా నిలిచింది. 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాలపై రాయలసీమకు ఇచ్చిన మాట నిలువలేదని బాధపడిన ప్రాంతం నుండి వచ్చిన నాయకునికి ఆ బాధ తెలియనిది కాదు. మాట నిలుపుకోవడంలో జరిగిన లోపం ఎంత దూరం వెంటాడుతుందో తరువాతి చరిత్ర తెలియజేసింది.

1964 ఆరంభంలో ఒక క్లిష్టపరిస్థితి ఎదురైంది. కర్నూలు జిల్లాలోని బస్సు మార్గాలను జాతీయం చేసే పథకాన్ని ప్రైవేటు యజమానులు న్యాయస్థానంలో సవాలు చేశారు. ముఖ్యమంత్రి రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ఆ జిల్లాను ముందుగా ఎంపిక చేశారని వారి ఆరోపణ. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ దాఖలు చేయలేదన్న విషయాన్ని సుప్రీంకోర్టు ఎత్తిచూపి, పథకాన్ని కొట్టివేసింది. తీర్పు పథకానికి సంబంధించినది. ముఖ్యమంత్రి రాజీనామా చేయాలని అది ఆదేశించలేదు. శాసనసభలో ఆయనకు మెజారిటీ ఉంది. అయినా న్యాయస్థానం వ్యాఖ్యల అనంతరం ఆ పదవిలో కొనసాగడం ఉచితం కాదని భావించి సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. పథకం విషయంలో ఆయనది తప్పా ఒప్పా అన్న చర్చ వేరు. న్యాయస్థానం వ్యాఖ్యలను పదవికంటె బరువైనవిగా స్వీకరించడం మాత్రం గమనించదగిన ప్రవర్తన.

అదే సంవత్సరం జూన్‌లో లాల్‌బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖలను చేపట్టారు. 1966లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, విమానయానం, నౌకాయానం, పర్యాటక శాఖలను నిర్వహించారు. 1967 సాధారణ ఎన్నికలలో హిందూపురం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉండిన హిందూపురం 2022లో జరిగిన విభజన వల్ల శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. హిందూపురం సభ్యునిగా గడిపిన రెండు సంవత్సరాల కాలమే ఆయన పార్లమెంటరీ జీవితంలో అత్యంత విలువైనదని చెప్పాలి.

నాల్గవ లోక్‌సభ అంతకు పూర్వపు సభల వంటిది కాదు. 520 స్థానాలలో కాంగ్రెసుకు లభించినవి 283 మాత్రమే. ప్రతిపక్షాలు మునుపెన్నడూ లేనంత బలంగా ఉన్నాయి. సభాపతి పదవికి కూడ పోటీ జరిగింది. 1967 మార్చి 17న జరిగిన ఆ ఎన్నికలో సంజీవరెడ్డికి 278 ఓట్లు, ప్రతిపక్షాలు బలపరచిన తెన్నేటి విశ్వనాథానికి 207 ఓట్లు లభించాయి. ఇద్దరూ తెలుగువారే కావడం, ఒకప్పుడు ప్రకాశం మంత్రివర్గంలో కలిసి పనిచేసినవారు కావడం ఒక విశేషం. సభలో 207 మంది సభ్యులు తనను కోరుకోలేదని తెలిసిన వ్యక్తి సభాపతి పీఠంపై కూర్చున్నాడు. ఆ సభ్యుల విశ్వాసాన్ని ఎట్లా పొందాలి?

సంజీవరెడ్డి తన నడవడితో సమాధానమిచ్చారు. సభాపతిగా ఎన్నికైన వెంటనే కాంగ్రెసు పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ పార్టీతో ఆయన అనుబంధం అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. పార్టీ కోసం చదువు మానివేసి, జైలుకు వెళ్ళి, దాని అఖిలభారత అధ్యక్షపీఠం అధిరోహించిన వ్యక్తి ఆ సభ్యత్వాన్ని వదలుకొన్నారు. సభాపతి సభ మొత్తానికీ చెందుతాడని, ఏ పక్షానికీ చెందడని ఆయన విశ్వాసం. తాను పార్లమెంటుకు కావలివాడినని ఆయన అభివర్ణించుకొన్నారు.

ఈ రాజీనామా విలువ తెలియాలంటే సభాపతి అధికారాల స్వరూపం తెలియాలి. సభలో ఎవరు, ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించేది సభాపతి. ఏ ప్రశ్నను అనుమతించాలి, ఏ తీర్మానాన్ని చర్చకు స్వీకరించాలి అన్న నిర్ణయం ఆయనదే. ఒక బిల్లు ద్రవ్యబిల్లు అవునో కాదో తేల్చి చెప్పేది ఆయనే. సాధారణంగా సభాపతి ఓటు వేయరు. ఇరుపక్షాలకు ఓట్లు సమానంగా వచ్చినప్పుడు మాత్రం నిర్ణాయకమైన ఓటు వేస్తారు. ఇంతటి అధికారం గల వ్యక్తి ఒక పార్టీ ఆదేశాలకు లోబడి ఉంటే చర్చ పేరుకు మాత్రమే మిగులుతుంది. బ్రిటన్‌లో సభాపతిగా ఎన్నికైనవారు పార్టీ సంబంధాన్ని పూర్తిగా తెంచుకొనే ఆచారం ఉంది. భారత రాజ్యాంగం అటువంటి నిబంధనను విధించలేదు. సంజీవరెడ్డి చట్టం కోరని నియమాన్ని తనకు తానే విధించుకొన్నారు.

ఆయన పీఠంపై ఉన్న కాలంలో జరిగిన కొన్ని సంఘటనలు ఈ దృక్పథానికి ఉదాహరణలు. పార్లమెంటు ఉభయసభలను ఉద్దేశించి రాష్ట్రపతి ప్రసంగించిన రోజుననే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని లోక్‌సభ చర్చకు స్వీకరించడం ఆయన సభాపతిత్వంలోనే తొలిసారిగా జరిగింది. ప్రతిపక్షం గొంతు వినిపించడానికి మంచిరోజు కోసం వేచి ఉండనవసరం లేదని ఆ నిర్ణయం స్పష్టం చేసింది. సందర్శకుల స్థానం నుండి నినాదాలు చేసి కరపత్రాలు విసిరిన వ్యక్తికి సభాధిక్కార నేరంపై కారాగారశిక్ష విధించడం కూడ ఆయన కాలంలోనే మొదటిసారి జరిగింది. లోపలి సభ్యునికి మాటస్వేచ్ఛ, బయటినుండి వచ్చే అలజడికి అడ్డుకట్ట అన్నవి కావలివాని రెండు కర్తవ్యాలు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల సంక్షేమంపై పార్లమెంటరీ సంఘం ఏర్పడింది కూడ ఆయన సభాపతిగా ఉన్నప్పుడే.

ఆ కాలానికే చెందిన మరొక వివాదం భారత పార్లమెంటు చరిత్రలో నిలిచిపోయింది. 1969లో పూరీ శంకరాచార్య అస్పృశ్యతను గూర్చి చేసినట్లు వెలువడిన వ్యాఖ్యలపై లోక్‌సభలో చర్చ జరిగింది. ఆ చర్చలో సభ్యులు పలికిన మాటలు తమ గురువుకు అవమానకరమని భావించిన శిష్యులు నష్టపరిహారం కోరుతూ దావా వేశారు. ప్రతివాదులలో సంజీవరెడ్డి ఒకరు. తేజ్‌కిరణ్ జైన్ వర్సెస్ సంజీవరెడ్డి అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1970లో తీర్పు చెప్పింది. పార్లమెంటు సమావేశంలో సభ్యుడు పలికిన ఏ మాటకైనా రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఇస్తుందని, దానిపై న్యాయస్థానంలో దావా చెల్లదని నిర్ణయించింది. సభ్యుల మాటలను అదుపుచేయగలిగినవి సభా నియమాలు, సభ్యుల విజ్ఞత, సభాపతి నియంత్రణ మాత్రమేనని వివరించింది. అంటే న్యాయస్థానం ప్రవేశింపని చోట సభాపతి ఒక్కడే కావలి. అతడు పక్షపాతి అయితే పౌరునికి వేరే దిక్కు లేదు. నిష్పాక్షికత ఆ పదవికి అలంకారం కాదు, ప్రాణం.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. కాంగ్రెసు పార్టీ సంజీవరెడ్డిని తన అభ్యర్థిగా ఎంపిక చేసింది. ఆయన జూలై 19న సభాపతి పదవికి రాజీనామా చేశారు. ప్రత్యర్థి వి.వి. గిరి, అమరావతి జైలులోని నాటి సహచరుడు. కాంగ్రెసు నాయకుల మధ్య అప్పటికే తీవ్రమైన విభేదాలు ఏర్పడ్డాయి. సభ్యులు తమ అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయవలెనని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు అభ్యర్థులకు ప్రాధాన్యక్రమం సూచిస్తారు. తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ లభించింది. గెలుపునకు 4,18,169 కావాలి. ఎవరికీ అది రాలేదు. ఇతర అభ్యర్థుల రెండవ ప్రాధాన్య ఓట్లను కలిపిన తరువాత గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 వద్ద నిలిచారు. 14,650 తేడాతో ఆయన పరాజితులయ్యారు. సభాపతి పీఠంపై కూర్చోవడానికి పార్టీని విడిచిన వ్యక్తి, పార్టీ అభ్యర్థిగా నిలిచి, ఆ పార్టీలోని చీలిక వల్లనే ఓడిపోవడం చరిత్రలోని వైచిత్రి. ఆ సంవత్సరం నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలింది.

ఓటమి అనంతరం సంజీవరెడ్డి అనంతపురానికి చేరి వ్యవసాయంలో నిమగ్నులయ్యారు. 1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమకాలంలో తిరిగి ప్రజాజీవితంలోకి వచ్చారు. అత్యవసర పరిస్థితి అనంతరం 1977 మార్చిలో జరిగిన ఎన్నికలలో జనతాపార్టీ తరఫున నంద్యాల నుండి పోటీ చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో కాంగ్రెసు 41 గెలుచుకొంది. మిగిలిన ఆ ఒక్క స్థానం నంద్యాల. 1977 మార్చి 26న లోక్‌సభ ఆయనను ఏకగ్రీవంగా సభాపతిగా ఎన్నుకొంది. పదేళ్ళ క్రితం 207 మంది వ్యతిరేకించిన వ్యక్తిని ఈసారి ఎవరూ వ్యతిరేకించలేదు. పూర్వపు సభాపతిత్వానికి లభించిన యోగ్యతాపత్రంగా దీనిని భావించవచ్చు.

నాలుగు నెలలు గడవక ముందే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ సంవత్సరం ఫిబ్రవరిలో మరణించారు. 37 మంది నామినేషన్లు దాఖలు చేయగా, పరిశీలనలో 36 తిరస్కరణకు గురయ్యాయి. మిగిలినది సంజీవరెడ్డి ఒక్కరే. ఎనిమిది సంవత్సరాల క్రితం కొద్దిపాటి తేడాతో చేజారిన పదవి పోటీ లేకుండా లభించింది. 1977 జూలై 25న 64 ఏళ్ళ వయస్సులో ఆయన ఆరవ రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారం చేశారు. ఆనాటి నుండి రాష్ట్రపతులందరూ జూలై 25ననే ప్రమాణం చేయడం ఆనవాయితీ అయింది. పేదప్రజలతో సంఘీభావానికి చిహ్నంగా తన వేతనంలో 70 శాతం వదులుకొంటున్నట్లు ఆయన ప్రకటించారు.

రాష్ట్రపతిగా ఆయన మొరార్జీ దేశాయి, చరణ్‌సింగ్, ఇందిరాగాంధీ అనే ముగ్గురు ప్రధానులతో పనిచేశారు. 1979 జూలై 15న మొరార్జీ రాజీనామా చేయడంతో ఏ పార్టీకీ స్పష్టమైన మెజారిటీ లేని స్థితి ఏర్పడింది. కాంగ్రెసు మద్దతును చూపిన చరణ్‌సింగ్ జూలై 28న ప్రధాని అయ్యారు. లోక్‌సభలో విశ్వాసాన్ని నిరూపించుకోవలసిందిగా రాష్ట్రపతి ఆయనను కోరారు. ఆ సమావేశానికి ముందే మద్దతు ఉపసంహరణ జరిగింది. చరణ్‌సింగ్ సభను ఎదుర్కొనకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, సభను రద్దు చేయవలసిందిగా సలహా ఇచ్చారు. ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. జనతాపార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్‌కు ప్రభుత్వ ఏర్పాటుకు అవకాశం ఇచ్చి ఉండవలసిందని అనేకులు విమర్శించారు. సభ విశ్వాసం పొందని ప్రధాని సలహాను పాటించడం సమంజసమా అన్న ప్రశ్న రాజ్యాంగవేత్తలు నేటికీ చర్చించే విషయం. ఆ సభ ఏ ప్రభుత్వాన్ని నిలబెట్టినా అది మరికొన్ని వారాలకు కూలిపోయేదని రద్దును సమర్థించేవారు వాదిస్తారు. సభకు కావలివాడినని చెప్పుకొన్న వ్యక్తి చేతిమీదుగానే సభ రద్దుకావడం ఆయన జీవితంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టం. దానిని దాచిపెట్టి ఆయనను కీర్తించడం వల్ల ప్రయోజనం లేదు.

1982 జూలై 25న పదవీకాలం ముగిసింది. వీడ్కోలు ప్రసంగంలో, స్వాతంత్ర్యం వచ్చి ఇన్ని సంవత్సరాలైనా సామాన్యుల స్థితిగతులను మెరుగుపరచడంలో ప్రభుత్వాలు విఫలమయ్యాయని ఆయన నిర్మొహమాటంగా పేర్కొన్నారు. ప్రభుత్వ అపమార్గాన్ని నిరోధించడానికి బలమైన ప్రతిపక్షం అవసరమని నొక్కిచెప్పారు. అనంతరం ఢిల్లీని విడిచి అనంతపురానికి తిరిగివచ్చారు. 1989లో వెలువడిన తన స్మృతుల గ్రంథానికి భయపక్షపాతాలు లేకుండా అనే అర్థంవచ్చే ఆంగ్లశీర్షిక పెట్టారు. మంత్రులు, న్యాయమూర్తులు చేసే ప్రమాణంలోని మాటలు అవి. 1996 జూన్ 1న బెంగుళూరులో ఆయన కన్నుమూశారు.

సంజీవరెడ్డి నెలకొల్పదలచిన సంప్రదాయం నిలిచిందా? 1985లో పార్టీ ఫిరాయింపులను నిరోధించడానికి 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు చేరింది. పార్టీని స్వచ్ఛందంగా వీడిన సభ్యుడు సభ్యత్వాన్ని కోల్పోతాడని దాని సారాంశం. కాని సభాపతికి అందులో మినహాయింపు ఉంది. ఆ పదవికి ఎన్నికైనవారు పార్టీకి రాజీనామా చేసినా, పదవీవిరమణ తరువాత తిరిగి అదే పార్టీలో చేరినా అనర్హులు కారు. 1967లో ఒక వ్యక్తి తనంతట తాను తెరచిన తలుపును చట్టం 1985లో అందరికీ తెరచింది. అయినప్పటికీ పార్టీ సభ్యత్వాన్ని వదలుకోవడం మన దేశంలో ఆచారంగా స్థిరపడలేదు. పైగా ఫిరాయించిన సభ్యుని అనర్హతను నిర్ణయించే అధికారాన్ని ఆ షెడ్యూలు సభాపతికే అప్పగించింది. ఆ నిర్ణయాలు న్యాయసమీక్షకు లోబడి ఉంటాయని 1992లో సుప్రీంకోర్టు ప్రకటించవలసి వచ్చింది. ఒక ప్రభుత్వం నిలవడం, పడిపోవడం సభాపతి తీర్పుపై ఆధారపడే సందర్భాలు రాష్ట్ర శాసనసభల్లోనూ తరచుగా వస్తున్నాయి. అటువంటప్పుడు ఆ పీఠంపై కూర్చున్న వ్యక్తి ఎవరివాడు అన్న ప్రశ్న 1967 నాటికంటె నేడు మరింత తీవ్రంగా వినిపిస్తున్నది.

పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి పౌరునికీ నేడు ఓటుహక్కు ఉంది. కళాశాల విడిచే నాటికి విద్యార్థులు ఓటర్లవుతారు. తమ ప్రతినిధిని అంచనా వేసేటప్పుడు ఆయన ఎన్ని పదవులు పొందారో తెలుసుకోవడం సులభం. మెజారిటీ ఉన్నా ఎప్పుడు పదవి వదిలారు, తనకు ఓటు వేయనివారితో ఎట్లా ప్రవర్తించారు, ఇచ్చిన మాటను ఎక్కడ నిలుపుకొన్నారు, ఎక్కడ నిలుపుకోలేదు అని విచారించడం కొంత శ్రమతో కూడిన పని. సంజీవరెడ్డి జీవితంలో ఈ ప్రశ్నలన్నింటికీ మెచ్చుకోలు సమాధానాలే లభించవు. కొన్నింటికి మాత్రం ఆయన నడవడి స్పష్టమైన సమాధానం చెబుతుంది. ఓడించిన జిల్లాకే తిరిగివచ్చి ఓటు అడిగారు. తనను వ్యతిరేకించిన సభ్యుల నమ్మకం కోసం సొంత పార్టీని వదులుకొన్నారు. పదవి ముగిసిన తరువాత కరువుసీమకే తిరిగి చేరారు. ఇల్లూరు నుండి రాష్ట్రపతి భవనం వరకు సాగిన ప్రయాణం గొప్పదే. ఆ ప్రయాణంలో నడుమ నడుమ ఆయన దిగిన మెట్లు అంతకంటె ఎక్కువ బోధిస్తాయి.